మై మిస్టర్, టాంజరీన్స్: ఏడుపు తగ్గిన చోటే నటన పెరిగింది

కొరియన్ డ్రామాల్లో నటన బాగుంటుందా అని అడిగితే అవుననీ చెప్పాలి, కాదనీ చెప్పాలి. ఏటా వచ్చిపడే వాటిలో చాలావరకు హీరో జుట్టు, హీరోయిన్ కోటు, ఒక గొడుగు, వెనకాల ఒక పాటతోనే గడిచిపోతాయి. నటన కోసమే చూడాలనుకునేవాళ్లకు మాత్రం ఒక జత ఉంది. 2018లో టీవీఎన్ ఛానల్లో వచ్చిన మై మిస్టర్, 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన వెన్ లైఫ్ గివ్స్ యు టాంజరీన్స్. రెండింటికీ దర్శకుడు కిమ్ వన్-సక్. రెండింట్లోనూ ప్రధాన నటి ఐయూ. రెండూ 16 ఎపిసోడ్లే. రాసినవాళ్లు వేరు: మొదటిది పార్క్ హే-యంగ్, రెండోది ఇమ్ సాంగ్-చున్. రచన మారినప్పుడు అదే దర్శకుడి చేతిలో అదే నటి ఎంత మారిందో, ఎక్కడ నిలబడిందో, ఎక్కడ జారిందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. కథలోని మలుపులు కొన్ని చెప్పకుండా నటన గురించి మాట్లాడలేం. ఏమీ తెలియకుండా చూడాలనుకుంటే ముందు చూసేసి తర్వాత చదవండి.

ముందు కొలతల సంగతి. కొరియన్ డ్రామా అంటే మామూలుగా 16 ఎపిసోడ్లు, ఒక్కోటి గంట నుంచి గంటంబావు. మొత్తం పదహారు నుంచి ఇరవై గంటల సరుకు. టీవీలో అయితే వారానికి రెండు, వరసగా రెండు రోజులు వేస్తారు: సోమ-మంగళ, బుధ-గురు, శని-ఆది. మై మిస్టర్ బుధ-గురువారాల డ్రామా. అందుకే ఇలాంటి వాటిలో బేసి ఎపిసోడ్ చివర ముడి వేసి, సరి ఎపిసోడ్‌లో దాన్ని విప్పడం తరచు కనిపిస్తుంది. 1-2, 3-4 అని జతలుగా చూస్తే ఊపిరి ఆడుతుంది. 3 దగ్గర ఆపేసి వారం తర్వాత వస్తే అంతా లాగ్ అనిపిస్తుంది. కథంతా దాదాపు ఒకే రచయిత రాయడం వల్ల పాత్రల మాటతీరు చివరిదాకా చెడదు. అదే కారణంగా రచయిత అలిసిపోయినప్పుడు కథ కూడా అలిసిపోతుంది. 11 నుంచి 13 వరకు చాలా డ్రామాలు మందగించేది అందుకే.

ఇంకో పాత జబ్బు కూడా ఉంది. ప్రసారం మొదలయ్యాక కూడా షూటింగ్ నడుస్తూ ఉండటం, స్క్రిప్టు కాగితాలు సెట్‌కి ఏ రోజుకారోజు రావడం. చివరి ఎపిసోడ్లలో నటుల కళ్ల కింద కనిపించే అలసట ఒక్కోసారి నటన కాదు, నిద్ర లేకపోవడమే. 2018లో వారానికి 52 గంటల పని పరిమితి చట్టం వచ్చి, ఆ తర్వాత టీవీ రంగానికీ వర్తించడంతో, దానికి ఓటీటీ డబ్బు తోడవడంతో, ఇప్పుడు పెద్ద డ్రామాలు చాలావరకు ముందే తీసి పెట్టుకుంటున్నారు. టాంజరీన్స్ కూడా అలాంటిదే. మార్చి 7 నుంచి నాలుగు శుక్రవారాలు, వారానికి నాలుగు ఎపిసోడ్ల చొప్పున వదిలారు. వసంతం, వేసవి, శరత్తు, శీతాకాలం అని నాలుగు భాగాలు. చూసేటప్పుడు ఆ విభజన పాటించడమే మేలు. ఎందుకో కిందికి వచ్చాక తెలుస్తుంది.

ఇక మై మిస్టర్. పార్క్ డాంగ్-హున్ నలభై దాటిన స్ట్రక్చరల్ ఇంజనీరు. కాలేజీలో తనకు జూనియర్‌గా ఉన్నవాడు ఇప్పుడు కంపెనీకి సీఈఓ. భార్యకు ఆ సీఈఓతోనే సంబంధం. జీ-ఆన్ 21 ఏళ్ల తాత్కాలిక ఉద్యోగి. నెత్తిన అప్పు, ఇంట్లో చెవిటి మూగ బామ్మ. డాంగ్-హున్‌ను కంపెనీ నుంచి వెళ్లగొట్టే పనికి డబ్బు ఒప్పుకుని, అతని ఫోన్‌ను చాటుగా వినడం మొదలుపెడుతుంది. కథ మొత్తం ఆ చెవిలోని ఇయర్‌ఫోన్ మీదే నడుస్తుంది.

ఇక్కడే దర్శకుడు పెద్ద సాహసం చేశాడు. హీరోయిన్‌కు మాటలు దాదాపు లేవు, ఉన్నది వినడమే. వినే మనిషి ముఖాన్ని నిమిషాల తరబడి చూపించి ప్రేక్షకుడిని కూర్చోబెట్టడం తేలిక కాదు. ఐయూ అంతకుముందే పెద్ద గాయని. నలుగురికీ తెలిసిన ముద్దు ముఖం. ఆ ముద్దునంతా ఇందులో తీసి పక్కన పెట్టేసింది. మెడ కొంచెం ముందుకు వంచి నడుస్తుంది. ఎదుటివాళ్ల కళ్లలోకి సూటిగా చూస్తుంది గానీ ఆ చూపులో ఏమీ ఇవ్వదు. జవాబు ఒక్క ముక్క, అదీ ఆలస్యంగా. ఆఫీసులో కాఫీ మిక్స్ సాషేలు జేబులో వేసుకుపోయి, రాత్రి చలికి వణికే గదిలో రెండు సాషేలు ఒకే కప్పులో కలుపుకుని తాగే సీన్లు గమనించండి. ఆకలి మీద డైలాగు లేదు, జాలి పుట్టించే పాట లేదు. కప్పు పట్టుకున్న రెండు చేతులే. గిన్నెలు కడిగే హోటల్లో మిగిలిన తిండి ఇంటికి తెచ్చుకునేటప్పుడు కూడా అంతే. సిగ్గుపడుతున్నట్టు నటిస్తే ఆ పాత్ర చెడిపోయేది. ఆమె సిగ్గుపడదు. సిగ్గుపడే తీరిక కూడా లేని బతుకు అది.

ముఖం తెరుచుకునేది ఒక్క బామ్మ దగ్గరే. సైగలతో మాట్లాడాలి కాబట్టి అక్కడ కనుబొమలు కదులుతాయి, పెదవులు కదులుతాయి, చేతులు కదులుతాయి. చంద్రుణ్ణి చూపించడానికి బామ్మను షాపింగ్ కార్ట్‌లో కూర్చోబెట్టి తోసుకెళ్లేటప్పుడు ఆఫీసులో చూసిన పిల్ల ఈమేనా అనిపిస్తుంది. మిగతా ఎపిసోడ్లంతా ముఖం బిగించి ఉంచడం చేతగానితనం కాదనీ, లెక్క చూసుకుని చేసిన పనేననీ అక్కడ రుజువవుతుంది. బామ్మగా వేసిన సోన్ సూక్ ఒక్క మాట లేకుండా ఆ పాత్ర నిలబెట్టింది.

సగం దాటాక వచ్చే ఒక సీను కోసం మొత్తం డ్రామా చూడొచ్చు. జీ-ఆన్‌ను కొట్టే అప్పులవాడు గ్వాంగ్-ఇల్ దగ్గరికి డాంగ్-హున్ వెళ్లి తలపడతాడు. ఆమె గతంలో ఏం చేసిందో వాడి నోటి నుంచే వింటాడు. తానైనా అదే చేసేవాణ్ణని అరుస్తాడు. ఇదంతా జీ-ఆన్ రోడ్డు మీద ఇయర్‌ఫోన్‌లో వింటూ ఉంటుంది. కొట్లాట అక్కడ, కెమెరా చూసేది ఇక్కడ. విన్న మాట లోపలికి దిగడానికి ఆమె తీసుకునే వ్యవధి గమనించండి. ముందు కాళ్లలో పట్టు పోతుంది, తర్వాత కూలబడుతుంది, ఏడుపు ఆ తర్వాత వస్తుంది. అందంగా ఏడవదు. గొంతు చీరుకుపోయేలా, చిన్నపిల్లలా ఏడుస్తుంది. అన్ని గంటలు దాచిపెట్టడం వల్లే ఆ ఏడుపుకు అంత బరువు వచ్చింది. మొదటి ఎపిసోడ్ నుంచే కళ్లు తుడుచుకుంటూ ఉంటే ఇక్కడ మిగిలేది ఏమీ ఉండేది కాదు.

లీ సన్-క్యూన్ ఆమెకు తగ్గ జోడీ. ఆయన ఆస్తి గొంతు: లోతుగా, కొంచెం బరువుగా, మాట చివర నేలలోకి దిగిపోయేలా ఉంటుంది. డాంగ్-హున్ పాత్రలో ఆ గొంతును ఒక మెట్టు కిందకే ఉంచి మాట్లాడాడు. భుజాలు వాల్చి నడవడం, సబ్‌వే రైల్లో నిలబడి ఎటో చూడటం, తమ్ముడు వాగుతుంటే గ్లాసు ఎత్తడం, అంతే. భార్య విషయం బయటపడిన రాత్రి తలుపును గుద్ది అరిచే సీన్ ఉంది. బాగానే చేశాడు గానీ అంతకంటే గొప్పది చివరి ఎపిసోడ్‌లో ఉంది. ఇల్లు ఖాళీ, మనిషి ఒక్కడే. చేస్తున్న పని మధ్యలో ఉన్నట్టుండి దుఃఖం తన్నుకొస్తుంది. కారణం ఫలానా అని చూపించరు. పదహారు ఎపిసోడ్ల నుంచి మనకు తెలిసిందే కాబట్టి చూపించాల్సిన పని లేదు. 2023 డిసెంబరులో ఆయన చనిపోయాక ఈ డ్రామా చూసేవాళ్లకు ఆ సీను మామూలుగా దాటదు.

క్యారెక్టర్ ఆర్టిస్టుల దగ్గర కొరియా వాళ్ల బలం ఇంకా బాగా తెలుస్తుంది. చాలామంది నాటకాల నుంచి వచ్చినవాళ్లు, చిన్న పాత్రలో కూడా పూర్తి మనిషిని చూపిస్తారు. బార్ నడిపే జంగ్-హీగా ఓ నా-రా ఉదాహరణ చాలు. రాత్రి కొట్టు కట్టేశాక అందరితో పాటు ఇంటికి వెళ్తున్నట్టు బయల్దేరుతుంది. వీధి చివరిదాకా వెళ్లి, అందరూ వెళ్లిపోయాక మళ్లీ వెనక్కి వస్తుంది. ఆమె ఉండేది ఆ బార్‌లోనే. ఇంటికి వెళ్లడమనే ముచ్చట కోసం అంత నాటకం. వెనక్కి తిరిగిన క్షణంలో నవ్వు తీసేయడం ఉంటుంది చూడండి, అది నేర్పితే వచ్చేది కాదు. పెద్దన్న సాంగ్-హున్ (పార్క్ హో-సాన్) భవన యజమాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నది తల్లి కళ్ల పడే సీన్‌లో తల్లిగా వేసిన గో దూ-షిమ్ నోరు మెదపదు. ఆ ఇంట్లో ఆ తర్వాత పెట్టే అన్నం గిన్నె చప్పుడే మాట్లాడుతుంది.

లోపాలు లేకపోలేదు. మొదటి ఎపిసోడ్‌లోనే గ్వాంగ్-ఇల్ జీ-ఆన్‌ను కొట్టే తీరు దారుణంగా ఉంటుంది. ప్రసారమైనప్పుడు కొరియాలోనే దాని మీదా, నడివయసు మగాడికీ చిన్నపిల్లకీ మధ్య కథ అనే దాని మీదా గొడవ జరిగింది. ప్రేమకథ అనుకుని మొదలుపెడితే నిరాశే. ఇది ప్రేమకథ కాదు, ఒకరినొకరు మనిషిగా గుర్తించడం మాత్రమే. డైరెక్టర్ పదవి కోసం ఆఫీసు రాజకీయాలు నడిచే భాగం అవసరానికి మించి సాగుతుంది. ఎవరు ఏ వర్గమో గుర్తుపెట్టుకోవడానికి తలనొప్పి. సీఈఓగా కిమ్ యంగ్-మిన్ భయపడే విలన్‌గా బాగున్నాడు గానీ, రచన అతనికి రెండు భావాలే ఇచ్చింది. భయం, కోపం. ఈయనే తర్వాత క్రాష్ లాండింగ్ ఆన్ యూలో ఉత్తర కొరియాలో చాటుగా మాటలు వినే ఉద్యోగిగా వేశాడు. అక్కడ ఆ పాత్రకు మనసంటూ ఒకటి ఇచ్చారు, ఎంత తేడా వచ్చిందో పోల్చుకోవచ్చు. మొదటి రెండు ఎపిసోడ్లు చీకటిగా, నెమ్మదిగా ఉంటాయి. నాలుగోది అయ్యాక కూడా పట్టుకోకపోతే మీకు నప్పదని వదిలేయండి. అంతకు ముందు వదలొద్దు.

అప్పట్లో రేటింగ్ మూడు, నాలుగు శాతం దగ్గర మొదలై, చివరికి ఏడు శాతం దాటింది. మరుసటి ఏడాది కొరియాలో సినిమాలకూ టీవీకీ ఇచ్చే పెద్ద అవార్డులైన బెక్సాంగ్‌లో ఉత్తమ డ్రామా, ఉత్తమ రచన దీనికే వచ్చాయి.

టాంజరీన్స్ పూర్తిగా వేరే సరుకు. జెజు ద్వీపం. 1951లో పుట్టిన ఏ-సన్, ఆమెను చిన్నప్పటి నుంచీ వదలని గ్వాన్-షిక్, వాళ్ల పిల్లలు. డెబ్బై ఏళ్ల కథ. యవ్వనంలోని ఏ-సన్‌గా ఐయూ, నడివయసు నుంచి మూన్ సో-రి. గ్వాన్-షిక్‌గా ముందు పార్క్ బో-గమ్, తర్వాత పార్క్ హే-జూన్. దీని మీద ఇంకో మెలిక: ఏ-సన్ కూతురు గమ్-మ్యాంగ్ కూడా ఐయూనే. కథ చెప్పే గొంతు కూడా ఆ కూతురిదే.

వయసు మారినప్పుడు నటుణ్ణి మార్చడం పెద్ద ప్రమాదం. ముఖాలు కలవవు. ఐయూకీ మూన్ సో-రికీ పోలిక లేదు, పార్క్ బో-గమ్‌కీ పార్క్ హే-జూన్‌కీ అసలే లేదు. దీన్ని కిమ్ వన్-సక్ రెండు రకాలుగా దాటాడు. ఒకటి, మొదటి ఎపిసోడ్ నుంచే రెండు కాలాలనూ కలిపి చూపించడం. దాంతో కన్ను ముందే అలవాటు పడుతుంది. రెండోది, ముఖానికి బదులు అలవాట్లు కలపడం. ఏ-సన్ మొండితనం, పెదవి విరవడం, మాటకు ముందు ఒక చిన్న విసురు మూన్ సో-రి పట్టుకుంది. ఆమె వెనిస్ చిత్రోత్సవంలో అవార్డు తీసుకున్న నటి. తన పద్ధతిలో చేసుకుపోయినా అడిగేవాళ్లు లేరు. అయినా తనకంటే చిన్న నటి నడకను తాను తెచ్చుకుంది. ఆ అణకువ తెర మీద కనిపిస్తుంది. గ్వాన్-షిక్ విషయంలో కలిపింది మౌనం. పార్క్ బో-గమ్ చెప్పాల్సిన చోట చెప్పకుండా చేతులతో ఏదో ఒక పని చేస్తూ ఉంటాడు. పార్క్ హే-జూన్ అవే చేతులను ముసలివాటిని చేశాడు. ది వరల్డ్ ఆఫ్ ది మ్యారీడ్‌లో భార్యను మోసం చేసే మొగుడిగా కొరియా అంతా తిట్టుకున్నది ఇతన్నే అంటే నమ్మబుద్ధి కాదు. మై మిస్టర్‌లో సన్యాసి అయిన స్నేహితుడూ ఇతనే. జంగ్-హీ బార్ నడుపుతూ ఎదురుచూసేది ఇతని కోసమే.

గ్వాన్-షిక్ పాత్రకు ప్రాణం పోసింది భోజనాల సీన్. ఏ-సన్ అత్తవారింట్లో మగవాళ్లకు ఒక బల్ల, ఆడవాళ్లకు ఒక బల్ల. గ్వాన్-షిక్ మాట లేకుండా మగవాళ్లకు వీపు తిప్పేసి, భార్య వైపు తిరిగి కూర్చుంటాడు. తిరుగుబాటు అని పేరు పెట్టదగ్గ పని. కానీ పార్క్ బో-గమ్ ముఖంలో ధైర్యం చేస్తున్నానన్న భావమే కనిపించదు. చలి వేస్తే కిటికీ మూసినట్టు చేస్తాడు. తల్లి, నానమ్మ ముఖాల మీదకు కెమెరా వెళ్లేది తర్వాత. ఉమ్మడి కుటుంబంలో కోడలి పళ్లెం ఎప్పుడు పడుతుందో తెలిసిన తెలుగువాళ్లకు ఈ సీన్ విడమరచి చెప్పక్కర్లేదు.

మొదటి భాగాన్ని మోసింది మాత్రం యమ్ హే-రన్. ఏ-సన్ తల్లి గ్వాంగ్-రే, సముద్రంలో మునిగి నత్తగుల్లలు తెచ్చే హేన్యో. 29 ఏళ్లకే పోతుంది. తెర మీద ఉండేది కాసేపే, ఆ కాసేపటి నీడ చివరి ఎపిసోడ్ దాకా పడుతుంది. కూతురు తన మీద రాసిన కవిత చదివేటప్పుడు ఆమె ముఖంలో గర్వం, కోపం, తాను ఉండనన్న భయం ఒకదాని మీద ఒకటి వచ్చిపోతాయి. అన్నిటికీ మించి ఆమె తిట్లు. ప్రేమను తిట్టుగా మార్చి చెప్పే తల్లిని ఇంత నమ్మకంగా చూపించడం అరుదు. ది గ్లోరీలో భర్త చేతిలో దెబ్బలు తింటూనే నవ్వే పనిమనిషిగా వేసింది కూడా ఈమే. 2025 బెక్సాంగ్‌లో ఉత్తమ సహాయ నటి అవార్డు ఈ తల్లి పాత్రకే వచ్చింది. అదే వేదిక మీద ఉత్తమ డ్రామా, ఉత్తమ రచన, ఉత్తమ సహాయ నటుడు కూడా టాంజరీన్స్‌కే దక్కాయి. సహాయ నటుడు చొయ్ డే-హున్, ఓడ యజమాని సాంగ్-గిల్‌గా వేశాడు. పెళ్లాన్నీ పిల్లల్నీ పీడించే మనిషిని నవ్వు పుట్టించేలా చేయడం ప్రమాదకరం. అతను నవ్విస్తూనే ఆ మనిషి మీద అసహ్యం పోకుండా చూసుకున్నాడు. రచన మాత్రం చివరికి అతన్ని కొంచెం చవగ్గా క్షమించేసింది.

ఇక ఐయూ. ఏ-సన్‌గా బాగుంది, గమ్-మ్యాంగ్‌గా ఇంకా బాగుంది. అమ్మానాన్నలు చెమటోడ్చి చదివిస్తే సియోల్ వెళ్లిన పిల్ల, ఫోన్‌లో అమ్మ మీద విసుక్కునే తీరు ఎంత నిజంగా ఉంటుందంటే చూస్తున్నవాళ్లు తలదించుకోవాల్సిందే. విసుక్కున్న మరుక్షణం పశ్చాత్తాపం చూపించదు. గొంతులో చిరాకు ఇంకా ఉండగానే ఫోన్ పెట్టేస్తుంది. ఆ పశ్చాత్తాపం నెరేషన్‌లో వస్తుంది. అక్కడే నా పేచీ. నెరేషన్ చాలా చోట్ల నటన చేసేసిన పనిని మళ్లీ చేస్తుంది. తండ్రి గేటు దగ్గర నిలబడి వెళ్లిపోతున్న బిడ్డను చూస్తుంటే మనకు అర్థమైపోయింది. ఆ పైన ఆ ప్రేమ ఎంత పెద్దదో గొంతు వచ్చి చెప్పాల్సిన పని లేదు. మై మిస్టర్‌లో ఐయూ వింటుంది, మనం ఊహించుకుంటాం. టాంజరీన్స్‌లో ఐయూ చెబుతుంది, మనకు ఊహించుకునే పని తగ్గుతుంది. దర్శకుడు అతనే, రచన మారితే ఇంత తేడా.

రెండో లోపం కన్నీళ్ల లెక్క. దాదాపు ప్రతి ఎపిసోడ్‌లో ఏడిపించి గానీ వదలదు. ఆరో ఎపిసోడ్‌లో తుఫాను, బిడ్డ పోవడం. అక్కడ పార్క్ బో-గమ్ ఏడుపు, అప్పటిదాకా దాచుకున్నది కాబట్టి, కడుపులోంచి వస్తుంది. నిజంగా గొప్ప సీన్. ఆ తర్వాత వచ్చే ఏడుపులు దాని పక్కన చిన్నబోతాయి. వెనక సంగీతం కూడా ప్రతిసారీ ముందే వచ్చి ఏడవండని చెబుతుంది. ఇంకొకటి, గ్వాన్-షిక్‌లో లోపమే లేదు. అలాంటి పాత్రకు నటుడు ఎంత చేసినా ఒక వైపే కనిపిస్తుంది. పార్క్ హే-జూన్ చివరి భాగంలో, జబ్బు పడ్డాక, చిన్న చిన్న మొండితనాలు చేర్చి ఆ లోటు కొంత పూడ్చాడు.

కాలాలు ముందుకీ వెనక్కీ దూకుతాయి కాబట్టి గందరగోళం రావచ్చు. గుర్తు పట్టడానికి సులువు: ఐయూ పక్కన పార్క్ బో-గమ్ ఉంటే ఏ-సన్, పక్కన మూన్ సో-రి ఉంటే గమ్-మ్యాంగ్. 1997 ఆర్థిక సంక్షోభం వచ్చేసరికి కథ పూర్తిగా కూతురిదవుతుంది. ఆ భాగంలో పాత సినిమా హాలు బోర్డులకు బొమ్మలు వేసే చుంగ్-సాప్‌గా కిమ్ సన్-హో వస్తాడు. తేలిగ్గా, హాయిగా చేశాడు. ఆ బరువు మధ్య అది కావలసిందే.

చూసే పద్ధతి మీద కొంచెం చెప్పాలి, నటన సగం అక్కడే పోతుంది కాబట్టి. మై మిస్టర్‌ను ఏ భాష డబ్బింగ్‌లోనూ చూడొద్దు. కథే గొంతు మీద, ఊపిరి మీద, అడుగుల చప్పుడు మీద నడిచేటప్పుడు లీ సన్-క్యూన్ గొంతు తీసేసి ఇంకొకటి పెడితే మిగిలేది బొమ్మలే. ఆడియో మెనూలో కొరియన్ ఒరిజినల్ ఎంచుకోండి. దాని పక్కనే ఆడియో డిస్క్రిప్షన్ అని ఇంకో ట్రాక్ ఉండొచ్చు, చూపు లేనివాళ్ల కోసం సీన్‌ను వర్ణించేది. పొరపాటున అది నొక్కితే మౌనంగా ఉండాల్సిన సీన్లలో ఎవరో మాట్లాడుతూ ఉంటారు. సబ్‌టైటిల్స్‌లో కూడా మామూలువి, చెవిటివారి కోసం చప్పుళ్లు రాసేవి అని రెండు రకాలుంటాయి. మామూలువే పెట్టుకోండి. ఇయర్‌ఫోన్‌తో చూస్తే మంచిది. రాత్రి సీన్లు ఎక్కువ కాబట్టి ఫోన్‌లో ఆటో బ్రైట్‌నెస్ ఆపేయండి. ఎండలో బస్సులో చూసే డ్రామా కాదు. లాగ్ ఉందని 1.5 స్పీడ్ పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. ఐయూ ఆలస్యంగా ఇచ్చే జవాబులో ఆ ఆలస్యమే నటన.

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో ఒక నష్టం తప్పదు. కొరియన్‌లో మనలాగే గౌరవంతో మాట్లాడటం, చనువుగా మాట్లాడటం వేరువేరు. అన్న, అక్క, సీనియర్, డిపార్ట్‌మెంట్ హెడ్ అని వరసతోనో హోదాతోనో పిలవడమే ఎక్కువ. ఒక పాత్ర మీరు నుంచి నువ్వుకి దిగిన క్షణం సీన్ మొత్తాన్ని మార్చేస్తుంది. ఇంగ్లిష్‌లో రెండూ ఒకటే. తెలుగు డబ్బింగ్ ఉన్న డ్రామాల్లో ఈ ఒక్క విషయంలో డబ్బింగ్‌దే పైచేయి కావాలి, మనకు ఆ రెండూ ఉన్నాయి కాబట్టి. కానీ డబ్బింగ్ రాసేవాళ్లు పెదాల కదలికకు సరిపోవాలని అందరి చేతా నువ్వు అనిపించేస్తే ఆ లాభం కూడా పోతుంది. చెక్ చేయడానికి ఆఫీసు సీన్ ఒకటి వింటే చాలు: కింది ఉద్యోగి పైవాణ్ణి ఎలా పిలుస్తున్నాడో చూసుకుని, తేడాగా ఉంటే కొరియన్ ఆడియోకి మారిపోండి.

ఈ రెండూ నచ్చితే తర్వాత ఏవి? అదే దర్శకుడి మిసేంగ్ (2014, 20 ఎపిసోడ్లు): ఆఫీసు కథ, సెక్షన్ చీఫ్‌గా లీ సంగ్-మిన్ ఎర్రబడ్డ కళ్లే ఆ డ్రామా. అదే దర్శకుడి సిగ్నల్ (2016) క్రైమ్ కథ. కిమ్ హే-సూ ఒకే పాత్రను రెండు కాలాల్లో, కొత్త పోలీసుగా, అనుభవజ్ఞురాలిగా చేసింది. నటుణ్ణి మార్చకుండా వయసు మార్చడం ఎలాగో దానిలో చూడొచ్చు. ఇమ్ సాంగ్-చున్ రచన నచ్చితే వెన్ ది కమీలియా బ్లూమ్స్ (2019). పార్క్ హే-యంగ్ రచన నచ్చితే మై లిబరేషన్ నోట్స్ (2022). అయితే అది మై మిస్టర్ కంటే కూడా నెమ్మది, ముందే చెబుతున్నా. కుటుంబంతో కూర్చుని చూడాలంటే రిప్లై 1988. పిల్లల కంటే అమ్మానాన్నలుగా వేసినవాళ్లే బాగా చేశారు, ముఖ్యంగా రా మి-రన్. విలన్ నటన కావాలంటే ది గ్లోరీలో ఇమ్ జీ-యాన్, హీరోయిన్ సాంగ్ హే-క్యో కంటే ఒక పిసరు ఎక్కువే గుర్తుంటుంది. స్క్విడ్ గేమ్‌తో కొరియన్ నటన మొత్తాన్ని అంచనా వేయొద్దు. లీ జంగ్-జేకి 2022లో ఎమ్మీ వచ్చింది నిజమే, కానీ అది తెచ్చిపెట్టిన మొదటి సీజన్ 9 ఎపిసోడ్ల ఆట, మనుషులకు పెరిగే సమయం తక్కువ.

పెద్ద స్టార్ల ప్రేమకథల్లో నటన కోసం వెతకడం వృథా ప్రయాస అనలేం గానీ, వెతకాల్సిన చోటు వేరు. క్రాష్ లాండింగ్ ఆన్ యూలో హ్యున్ బిన్, సన్ యే-జిన్ అందంగా ఉన్నారు, జోడీ కుదిరింది. నటన మాత్రం ఊరి ఆడవాళ్ల దగ్గర, నలుగురు సైనికుల దగ్గర, ముఖ్యంగా సణిగే ప్యో చి-సూగా యాంగ్ క్యుంగ్-వన్ దగ్గర ఉంది. క్వీన్ ఆఫ్ టియర్స్‌లో కిమ్ జీ-వన్ మొదటి సగంలో చక్కగా చేసింది, తర్వాత ఆపరేషన్, జ్ఞాపకశక్తి పోవడం అనే పాత మందు వచ్చిపడి ఆమె కట్టుకున్నదంతా మొదటికొచ్చింది. ఇలాంటి వాటిలో ముద్దు సీన్‌ను మూడు యాంగిల్స్‌లో, మళ్లీ ఎపిసోడ్ మొదట్లో, మళ్లీ ఫ్లాష్‌బ్యాక్‌లో చూపిస్తారు. నటులు అప్పుడు చేయాల్సిందల్లా కదలకుండా ఉండటమే. మధ్యలో ఎవరో శాండ్‌విచ్ కొనుక్కుని కంపెనీ పేరు కనిపించేలా పట్టుకుంటే ఆశ్చర్యపోవద్దు, అది ఖర్చు రాబట్టుకునే దారి. ఆ సీన్లలో ఎంత మంచి నటుడైనా ప్రకటనలోలాగే నవ్వుతాడు.

వరస విషయానికొస్తే టాంజరీన్స్ ముందు, మై మిస్టర్ తర్వాత. తిప్పి చూస్తే టాంజరీన్స్‌లోని నెరేషన్, సంగీతం రెండూ అతిగా వినిపిస్తాయి. టాంజరీన్స్‌ను నాలుగేసి ఎపిసోడ్లుగా, మధ్యలో కనీసం రెండు మూడు రోజుల ఎడంతో చూడండి. ఒకే వారాంతంలో పదహారూ లాగిస్తే పదో ఎపిసోడ్‌కి ఏడుపు మొద్దుబారుతుంది. ఆ తర్వాత చివరి నాలుగింట్లో పార్క్ హే-జూన్, మూన్ సో-రి ఆస్పత్రిలో చేసిన నిదానమైన పనంతా కంటికి ఆనదు.